కణుపు తెలిస్తే మొక్క తెలిసినట్టే

పోయిన శ్రావణంలో మా పెద్దమ్మ ఊరి నుంచి వచ్చింది. కాఫీ గ్లాసుతో బాల్కనీలోకి వెళ్లి, వేలాడదీసిన తొట్టి ముందు ఆగిపోయింది. ఆకుల మీద వెండి చారలు, అడుగున వంకాయ రంగు, అంచు దాటి మూరెడు కిందికి జారిన తీగలు. నర్సరీలో నూట యాభై రూపాయలు పెట్టి కొన్న మొక్క. పెద్దమ్మ ఒక తీగ పట్టుకుని, కణుపు దగ్గర గోటితో నొక్కి చూసింది. "ఇదేందే, మన మిరపచేలో పీకి పారేసే వెన్నదేవి కూరకి చుట్టంలాగుందే. దీనికి డబ్బులు పోశావా?" అని ఒకటే నవ్వు.

వృక్షశాస్త్రం పుస్తకం ఎన్నడూ తెరవని మనిషి అన్న ఆ మాట అక్షరాలా నిజం. పొలంలో కలుపుగా మొలిచే వెన్నదేవి కూరది కొమ్మెలినేసీ కుటుంబం. కొన్నిచోట్ల దాన్నే వెన్నవెదురు అంటారు. నా తొట్టిలోని ట్రాడెస్కాంటియా జెబ్రినాదీ అదే కుటుంబం. పెద్దమ్మ చుట్టరికం పట్టింది ఆకును చూసి కాదు, కణుపును చూసి. వాన రోజుల్లో కలుపు తీసినవాళ్లకు వెన్నదేవి కూర సంగతి బాగా తెలుసు. తెగిన ముక్కను సాల్లోనే వదిలేస్తే నాలుగు రోజుల్లో మళ్లీ నాటుకుంటుంది. చేలో విసిగించే ఆ గుణమే బాల్కనీలో మనకు పనికొస్తుంది. ఈ మొక్కను పెంచడానికి తెలియాల్సినవి చాలావరకు ఆ కణుపులోనే ఉన్నాయి.

పేర్ల వెనక మనుషులు

ట్రాడెస్కాంటియా జాతులన్నీ అమెరికా ఖండాలవే. జెబ్రినా మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నీడ అడవుల్లో నేల మీద పాకుతుంది. తెల్లచారల ఫ్లూమినెన్సిస్ ఆగ్నేయ బ్రెజిల్ వైపుది. రోడ్ల మధ్య డివైడర్లలో ఊదారంగు తివాచీలా పరిచే 'పర్పుల్ హార్ట్' మెక్సికోలో పుట్టిన పాలిడా. బుట్టల్లో చిట్టి ఆకులతో గుబురుగా పొంగే 'టర్టిల్ వైన్' పేరు కలీసియా రెపెన్స్. అది వేరే ప్రజాతి అయినా కుటుంబం ఇదే, పెంపకమూ ఇంచుమించు ఇదే.

ఇంగ్లండులో తోటపనికి పేరుపడ్డ జాన్ ట్రాడెస్కాంట్‌లు ఇద్దరు, తండ్రీ కొడుకులు. మొదటి చార్లెస్ రాజు కొలువులో తోటమాలులు. వర్జీనియా నుంచి వచ్చిన ఒక మొక్కను తండ్రి తన తోటలో పెంచాడని 1629లోనే జాన్ పార్కిన్సన్ తన పుస్తకంలో రాశాడు. తర్వాత వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ ప్రజాతికి ఆ ఇంటిపేరే ఖాయం చేశాడు. ఆ తండ్రీకొడుకులు దేశదేశాల నుంచి పోగుచేసిన వింత వస్తువులే ఆక్స్‌ఫర్డ్‌లో 1683లో తెరిచిన ఆష్మోలియన్ మ్యూజియానికి పునాది.

మన వెన్నదేవి కూర శాస్త్రీయ నామంలో ఇంకా తమాషా ఉంది. కొమ్మెలినా అనే పేరు హాలండ్‌లోని కొమ్మెలిన్ కుటుంబానిది. ఈ పువ్వులో కొట్టొచ్చినట్టు కనిపించే రేకులు రెండు, మూడోది వెలవెలబోతూ ఉంటుంది. ఆ కుటుంబంలో ఇద్దరు గొప్ప వృక్షశాస్త్రవేత్తలనీ, మూడో ఆయన ఏమీ సాధించకుండానే పోయాడనీ, అందుకే ఈ పేరు పెట్టాననీ లిన్నేయస్ చమత్కరించాడు. ఏ పాపమూ ఎరగని ఆ మూడో మనిషి ఇప్పటికీ మన మిరపచేలలో పూస్తూనే ఉన్నాడు.

నర్సరీల్లో ఈ తీగలకు 'వాండరింగ్ జ్యూ' అన్న పేరు ఇంకా వినిపిస్తుంది. అది యూదులను శాపగ్రస్తులుగా చూపిన మధ్యయుగపు ఐరోపా కథలోంచి వచ్చింది. అందుకే చాలామంది ఆ పేరు వదిలేసి 'ఇంచ్ ప్లాంట్' అంటున్నారు. అంగుళానికో కణుపు ఉంటుందని కొందరు, చూస్తుండగానే అంగుళాల చొప్పున పెరుగుతుందని కొందరు ఆ పేరుకు అర్థం చెబుతారు. ఏది తీసుకున్నా మళ్లీ కణుపు దగ్గరికే వస్తాం.

సీసాలో వారం రోజులు

చెరకు రైతు ముచ్చెలు నరికేటప్పుడు కళ్లు లెక్కపెట్టుకుంటాడు. ప్రతి కణుపు దగ్గరా ఒక మొగ్గ, దాని చుట్టూ వేర్లు పుట్టే చోటు. మొక్క మొత్తం ఆ జానెడు ముక్కలో ముడుచుకుని ఉంటుంది. ట్రాడెస్కాంటియాదీ అదే పద్ధతి, కాకపోతే తొందర మరీ ఎక్కువ. దీని కణుపుల్లో వేరు మొలకలు ముందుగానే తయారై ఉంటాయి. తడి తగలడమే ఆలస్యం.

చూడాలనుకుంటే గాజు సీసా ఒకటి చాలు. నాలుగైదు కణుపులున్న కొసను, ఒక కణుపుకు కాస్త కిందగా కోయండి. ఆకు మొదలు కాండాన్ని కత్తి ఒరలా చుట్టుకుని ఉంటుంది. అడుగు రెండు కణుపుల దగ్గరి ఆకులు తీసేసి ఆ భాగం నీళ్లలో మునిగేలా పెట్టండి. రెండో రోజో మూడో రోజో కణుపు చుట్టూ సగ్గుబియ్యం గింజల్లా తెల్లని బుడిపెలు కనిపిస్తాయి. ఒర మిగిలిన చోట వేరు దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. వారం తిరిగేసరికి అంగుళం వేర్లు, వాటి మీద నూగులాంటి సన్నని వేరు రోమాలు. కణుపుల మధ్య నున్నటి కాండం మాత్రం ఎన్నాళ్లు నానినా దాదాపు అలాగే ఉంటుంది. అందుకే కణుపు లేని ముక్క నాటి లాభం లేదు.

కాండం కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి ప్రవహిస్తూ ఉంటుంది. కోసిన చోట దారి మూసుకుపోతుంది కాబట్టి అక్కడే పోగుపడి వేర్లను తట్టి లేపుతుంది. మందుల కొట్లో అమ్మే వేరు పొడిలో ఉండేది కూడా ఆక్సిన్ లాంటి పదార్థమే. ఈ మొక్కకు ఆ ఖర్చు దండగ.

వేర్లు అంగుళం దాటకముందే మట్టిలోకి మార్చాలి. నీళ్లలో పుట్టిన వేరు పెళుసుగా ఉంటుంది, పొడుగయ్యే కొద్దీ మార్పిడిలో విరుగుతుంది. అసలు సీసా లేకుండా ముక్కలను తడి మట్టిలో నేరుగా గుచ్చినా దాదాపు అన్నీ బతుకుతాయి. ఒక్క ముక్క కాకుండా ఎనిమిదో పదో ఒకే కుండీలో గుచ్చండి. ఒక్క తీగ బుట్ట నిండడానికి కాలం పడుతుంది. పది తీగలు మొదటి నెలలోనే నింపేస్తాయి.

గిల్లితే గుబురు

కొత్తగా కొన్నవాళ్లు చేసే మొదటి తప్పు గిల్లడానికి చేతులు రాకపోవడం. తీగ పొడుగు పెరుగుతుంటే ముచ్చటపడి వదిలేస్తారు. ఆరు నెలలకు చివర మాత్రం ఆకులు, కుండీ నడినెత్తిన బట్టతల. కింది ఆకులు ముసలివై ఎండిపోతాయి, మొగ్గలన్నీ నిద్రలోనే ఉంటాయి.

ఆ నిద్రకు కారణం కొస చెలాయించే పెత్తనం. కెనెత్ థిమాన్, ఫోక్ స్కూగ్ 1933లో బాకుల చిక్కుడు మొలకల మీద ప్రయోగం చేశారు. కొస కోసేస్తే పక్క మొగ్గలు లేచాయి. కోసిన చోట ఆక్సిన్ పెడితే కొస లేకపోయినా మొగ్గలు లేవలేదు. చాలాకాలం కథ అంతటితో ముగిసిందనుకున్నారు. 2014లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ శాస్త్రవేత్తలు బఠాణీ మొక్కల్లో ఇంకో సంగతి చూపారు. కొస తెంచగానే, ఆక్సిన్ తగ్గిన కబురు అందకముందే కింది మొగ్గ కదులుతోంది. దాన్ని ముందుగా లేపేది చక్కెర. పెరిగే కొస చక్కెరనంతా తనవైపు లాక్కుంటుంది. అది పోగానే మిగిలినవాళ్ల విస్తళ్లలో వడ్డన పడుతుంది.

కాబట్టి నెలకోసారి తీగ కొసలను కణుపుకు కాస్త పైన గిల్లేయండి. గిల్లిన చోట ఒకటికి రెండు కొమ్మలు వస్తాయి. గిల్లిన ముక్కలను అదే కుండీలో బట్టతల మీద పడుకోబెట్టి కణుపులు మట్టికి ఆనేలా నొక్కితే నెత్తి మళ్లీ నిండుతుంది. ఏడాదికో రెండేళ్లకో మొక్క మొత్తం ముదిరిందనిపిస్తే కొసలన్నీ కోసి కొత్త మట్టిలో మళ్లీ మొదలుపెట్టండి. ముసలి వేర్లను కాపాడుతూ కూర్చోనక్కర్లేదు.

ఒక చిన్న వింత కూడా చూడండి. కిందికి వేలాడే తీగల కొసలు ఎప్పుడూ పైకి తిరిగి ఉంటాయి. కణుపుల దగ్గరి కణాల్లో పిండి రేణువులుంటాయి. కాండం వాలితే అవి కణం అడుగుకు జారి కింది వైపేదో చెబుతాయి. కింది వైపు కణాలు ఎక్కువ సాగి, తీగ కణుపు దగ్గర మోచేయిలా వంగుతుంది. తొట్టిని ఒక రాత్రి పక్కకు పడుకోబెట్టి ఉంచినా తెల్లారేసరికి ఈ వంపు కనిపిస్తుంది.

వెలుగు లెక్క

మొక్కకు వెలుగు సరిపోతోందా లేదా అన్నది కణుపుల మధ్య దూరమే చెబుతుంది. కిటికీ పక్కన దగ్గరదగ్గరగా ఉన్న కణుపులు, గది మూలకు మార్చిన నెలకు దూరం జరుగుతాయి. చీకట్లో మొక్క తన ఖర్చంతా పొడుగు మీద పెట్టి వెలుగును వెతుక్కుంటుంది. ఆకులు చిన్నవై, కాండం సన్నబడి, రంగు వెలిసిపోతుంది. అప్పుడు ఎరువు వేస్తే జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి.

రంగుల సంగతి కాస్త విడదీసి చూడాలి. జెబ్రినా వెండి చారల్లో వెండి రంగు పదార్థమేదీ లేదు. ఆ చోట ఆకు పై పొరకూ, కింది పచ్చని పొరకూ మధ్య గాలి సందులుంటాయి. వెలుగు అక్కడ పడి తిరిగొచ్చి తళుక్కుమంటుంది. అడుగునున్న ఊదా రంగు ఆంథోసయనిన్. నేరేడు పండుకు రంగిచ్చేదీ ఆ కోవలోదే. వెలుగు ఎక్కువైతే మొక్క దాన్ని గొడుగులా పట్టుకుంటుంది కాబట్టి వెలుతురులో ఊదా చిక్కబడుతుంది, నీడలో పలచబడుతుంది.

ఫ్లూమినెన్సిస్ రకాల తెల్ల చారల కథ వేరు. ఆ చోట కణాల్లో పత్రహరితమే లేదు. పచ్చ కణాలూ తెల్ల కణాలూ ఒకే కాండంలో కాపురం చేస్తున్నాయి. అప్పుడప్పుడు పూర్తి పచ్చ కొమ్మ ఒకటి పుడుతుంది. దానికి సంపాదన ఎక్కువ కాబట్టి కొన్ని నెలల్లో కుండీ మొత్తం ఆక్రమిస్తుంది. చారలు నిలవాలంటే పచ్చ కొమ్మ కనిపించిన రోజే మొదలంటా కోసేయాలి. పూర్తి తెల్ల కొమ్మ కూడా ముచ్చటగానే ఉంటుంది. కానీ దానికి సొంత సంపాదన లేదు, కోసి నాటితే బతకదు.

మన ఊళ్లలో తూర్పు బాల్కనీ వీటికి చక్కని చోటు. పొద్దుటెండ రెండు గంటలు, ఆ తర్వాత వెలుతురు. పడమటి ఎండ, అందులోనూ ఏప్రిల్, మే నెలల వడగాలి తగిలితే ఆకు అంచులు కాలిన కాగితంలా అవుతాయి. ఆ రెండు నెలలూ తొట్టిని లోపలికో, షేడ్‌నెట్ కిందికో మార్చాలి. పర్పుల్ హార్ట్‌కు మాత్రం ఎండే అలంకారం. నీడలో పెడితే ఊదా పోయి పసరు రంగుకు దిగుతుంది.

నీళ్లూ, ఇంటర్ ల్యాబూ

ఈ మొక్కలు ఎండి చచ్చేదానికంటే కుళ్లి చచ్చేదే ఎక్కువ. కాండం నిండా నీళ్లే, ప్రతి కణుపు సందూ ఒక చిన్న కూజా. వారం రోజులు ఊరెళ్లొచ్చినా వాడిపోతాయి తప్ప చావవు. మట్టి ఎప్పుడూ చిత్తడిగా ఉంటే మాత్రం వేర్లకు ఊపిరాడదు. ఆక్సిజన్ గాలిలో కంటే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి సందులన్నీ నీటితో నిండితే వేరు ఉక్కిరిబిక్కిరై, కుళ్లు తెగులుకు దారిస్తుంది. మొదలు దగ్గర కాండం మెత్తబడి గాజులా పారదర్శకంగా కనిపిస్తే కథ మొదలైనట్టు. పైన గట్టిగా ఉన్న కొసలు కోసి వేరే నాటుకోవడమే అప్పుడు వైద్యం.

మట్టిలో వేలు మొదటి గీత దాకా గుచ్చండి. పొడిగా తగిలితే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి, తడిగా ఉంటే ఆగండి. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలిపి గుప్పెడు ముతక ఇసుక చేరిస్తే నీరు నిలవదు. ప్లాస్టిక్ తొట్టికి అడుగున పళ్లెం అతికించి ఉంటే వానాకాలంలో అది ఊడదీయండి.

ఎరువు విషయంలో ఇంటర్ బైపీసీ ప్రాక్టికల్స్ గుర్తుచేసుకోవాలి. రియో ఆకు అడుగున ఊదా పొరను సన్నగా ఒలిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, గాఢమైన ఉప్పు నీళ్లో చక్కెర నీళ్లో ఒక చుక్క వేసేవాళ్లం. చూస్తుండగానే కణం గోడ అలాగే ఉండి, లోపలి ఊదా సంచి ముడుచుకుని ఒక మూలకు చేరేది. దాన్ని కణద్రవ్య సంకోచం అని రికార్డులో రాసేవాళ్లం. ఆ రియో మరెవరో కాదు, ట్రాడెస్కాంటియా స్పాతేసియా. రంగు నిండిన కణాలు కాబట్టి ఏ రంగూ కలపకుండానే అంతా కంటికి కనిపిస్తుంది. కుండీలో ఎరువు ఎక్కువైతే వేరు కణాలకూ సరిగ్గా అదే జరుగుతుంది. బయట లవణాలు చిక్కనై, లోపలి నీళ్లను బయటికి లాగేస్తాయి. మట్టి తడిగా ఉన్నా ఆకు వాడుతుంది, కొసలు మాడతాయి. అందుకే ద్రవ ఎరువు ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగం మోతాదు, నెలకోసారి, అదీ పెరిగే రోజుల్లోనే చాలు.

వేసవిలో ఎర్రనల్లి, లేత కొసల మీద పేనుబంక, కణుపు ఒరల్లో పిండినల్లి పట్టొచ్చు. సబ్బునీళ్ల పిచికారీ ముందు చేయండి. మొండికేస్తే పట్టిన కొమ్మ తీసేయడమే మేలు. కోసేటప్పుడు రసం చేతికి అంటితే కొందరికి దురద పెడుతుంది. కాండంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చామదుంపలో ఉన్నట్టే. పసిపిల్లలూ కుక్కపిల్లలూ నమలకుండా అందనంత ఎత్తులో వేలాడదీయండి.

ఒకే మొక్క, వెయ్యి కుండీలు

ఈ కుటుంబపు పువ్వు ఒక పూటకు మించి ఉండదు. మూడు రేకులు, మధ్యలో ఆరు కేసరాలు. చాలా జాతుల్లో కేసరాల మీద సన్నని నూగుంటుంది. భూతద్దంలో చూస్తే ఒక్కో నూగుపోగు ఒక్కో కణం వెనక ఒక్కో కణం గుచ్చిన పూసలదండ. 1831లో కణకేంద్రకానికి న్యూక్లియస్ అని పేరు పెట్టిన రాబర్ట్ బ్రౌన్, ఆర్కిడ్ల తర్వాత ఈ నూగులోనూ దాన్ని చూశాడు.

ఆ పూసలదండే ఇరవయ్యో శతాబ్దంలో రేడియేషన్ కొలిచే సాధనమైంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఆర్నాల్డ్ స్పారో బృందం నీలం, గులాబి రంగుల జన్యువులు రెండూ ఉన్న ఒక మొక్కను పెంచింది. మామూలుగా దాని నూగు నీలం. రేడియేషన్ తగిలి నీలం జన్యువు చెడితే ఆ కణమూ, దాని పిల్ల కణాలూ గులాబి రంగులోకి మారతాయి. గులాబి పూసలు లెక్కపెడితే చాలు. 1967 సెప్టెంబరులో బయోశాటిలైట్-2 ఉపగ్రహంలో ఈ మొక్కలు భూమి చుట్టూ తిరిగొచ్చాయి కూడా. ఈ పనికి మొక్కలన్నీ ఒకే అచ్చులో ఉండాలి. విత్తనం వేస్తే జన్యువులు కలగాపులగమవుతాయి. కణుపు ముక్కలు నాటితే ఎన్ని కుండీలైనా అదే మొక్క. పెద్దమ్మ నవ్విన గుణం అక్కడ శాస్త్రానికి అక్కరకొచ్చింది.

అదే గుణం న్యూజిలాండ్‌కు తలనొప్పి తెచ్చింది. అలంకారానికని తెచ్చిన ఫ్లూమినెన్సిస్ అడవుల్లోకి జారి, నేలను దట్టంగా కప్పేసి, స్థానిక చెట్ల మొలకలకు వెలుగు లేకుండా చేసింది. అక్కడ దానికి విత్తనమే పట్టదు. వ్యాపించినదంతా వాగుల్లో కొట్టుకొచ్చిన ముక్కలతో, జనం పారబోసిన తోట చెత్తతో. చివరికి 2011 నుంచి 2013 మధ్య బ్రెజిల్ నుంచి మూడు రకాల పెంకుపురుగులను తెచ్చి వదిలారు. ఒకటి ఆకు తింటుంది, ఒకటి కాండం, ఒకటి కొస. మొక్కను తినడానికి మూడు నోళ్లు కావలసివచ్చాయి.

ఈ సంగతులన్నీ తెలిసి కూడా నేను, పెద్దమ్మ ఉన్న రోజుల్లోనే, గిల్లిన కొసలను బాల్కనీ మీంచి పక్క ఖాళీ స్థలంలోకి విసరబోయాను. "అక్కడ వెయ్యమాకే, వానకి నాటుకుంటది. పైన బండ మీద ఎండెయ్యి" అంది. గుప్పెడు ముక్కలు తీసుకెళ్లి డాబా మీద పరిచాను. శ్రావణం మబ్బుల్లో అవి గలగలమనేంత ఎండటానికి పదిహేను రోజులు పైనే పట్టింది. అయిదో రోజు చూడ్డానికి వెళితే ఒక ముక్క ఆకులు ముడుచుకుని పడి ఉంది. సిమెంటు మీద, చిటికెడు మట్టి లేని చోట, దాని కణుపులోంచి తెల్లటి వేరు ఒకటి గోటి వెడల్పున బయటికి వచ్చి ఉంది.